కాలిన ఇంటికి బదులు ఎక్కడి ఇల్లు?



ఈ వారం లండన్‌లో కాలిపోయిన ఒక భవనం గురించి రాస్తున్నాను. కానీ మొదలు మా పల్లె నుంచే.

నేను ఆరో తరగతి చదివే ఏడు మా మాదిగపల్లెలో ఇళ్లు కాలిపోయాయి. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, వడగాలి. ఎవరి పొయ్యిలోంచో నిప్పురవ్వ లేచి తాటాకు కప్పుకు అంటుకుంది. పెద్దవాళ్లంతా మిరపకాయల కోతకు పోయారు. ఇళ్ల దగ్గర ముసలోళ్లు, మేము పిల్లలం. కూలి వాళ్లు పొలం నుంచి పరిగెత్తుకొచ్చేసరికి మిగిలింది మట్టిగోడలే.

మర్నాడు కాగితాలు పట్టుకుని సిబ్బంది వచ్చారు. ఇంటికిన్ని బియ్యం, రెండు చీరలు, కొంత డబ్బు. పట్టా ఉన్నవాళ్ల పేర్లు ముందు రాసుకున్నారు, లేనివాళ్ల సంగతి తర్వాత చూస్తామన్నారు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, వాగు అవతల కాలనీ కట్టిస్తాం, వేలిముద్ర వెయ్యండన్నారు. మా నాయనమ్మ అడిగింది: "నీళ్లు ఎక్కడ తెచ్చుకోవాలయ్యా? వాగు పొంగితే కూలికి ఎట్టా పోవాలి?" రాసుకునే ఆయనకు కోపం వచ్చింది. "ఇల్లు కాలినోళ్లకి ఇల్లిస్తామంటే వంకలు పెడతావేందే? వద్దందని రాసుకుంటా."

'వద్దందని రాసుకుంటా.' చాలా ఏళ్ల తర్వాత గ్రెన్‌ఫెల్ టవర్ గురించి చదువుతుంటే ఆ మాట మళ్లీ నా చెవిలో పడింది. మంట ఇల్లు తీసుకుపోతుంది. ఆ తర్వాత వచ్చే సాయం, చాలాసార్లు, అడిగే హక్కును తీసుకుపోతుంది. గ్రెన్‌ఫెల్ బాధితులు ఆ రెండో దోపిడీని ఎలా అడ్డుకున్నారన్నదే ఈ వ్యాసం.

1. ఆ టవర్ ఎవరిది?

కెన్సింగ్టన్ అండ్ చెల్సీ లండన్‌లో అత్యంత సంపన్నమైన బరోలలో ఒకటి. బరో అంటే మన మునిసిపాలిటీ లాంటిది అనుకోండి. దాని దక్షిణ భాగంలో రాజభవనాలు, రాయబార కార్యాలయాలు, కోట్ల పౌండ్ల ఇళ్లు. ఉత్తర భాగం నార్త్ కెన్సింగ్టన్. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ కుండల బట్టీలు, పందుల దొడ్లు ఉండేవి. నగరం ఎవరినైతే తన మధ్య ఉంచుకోదో వాళ్లంతా చేరే చోటు అది. ఊరికి ఒక చివర మన పల్లెలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి నల్లజాతి కార్మికులు వచ్చారు. వాళ్లకు ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు లేరు. ఆ అవసరాన్ని పీటర్ రాక్‌మన్ వంటి ఇళ్ల యజమానులు సొమ్ము చేసుకున్నారు. శిథిలమైన ఇళ్లలో గదికొక కుటుంబాన్ని కుక్కి, ఎక్కువ అద్దె గుంజారు. 1958 ఆగస్టు చివర్లో తెల్లజాతి గుంపులు అక్కడి నల్లజాతి ఇళ్ల మీద పడ్డాయి. మరుసటి ఏడాది మే నెలలో కెల్సో కొక్రేన్ అనే ఆంటిగ్వా యువకుణ్ని అక్కడే వీధిలో పొడిచి చంపారు. హంతకులకు ఇప్పటిదాకా శిక్ష పడలేదు.

1970లో ఆ బస్తీ నెత్తి మీదుగా వెస్ట్‌వే అనే ఎత్తయిన రహదారి వేశారు. దానికోసం వందలాది ఇళ్లు కూలగొట్టారు. మిగిలిన ఇళ్ల కిటికీలకు కొద్ది అడుగుల దూరంలో కార్లు పరుగులు తీశాయి. ఆ జులైలో మంత్రి వచ్చి రహదారి ప్రారంభిస్తుంటే, పక్క ఇళ్లవాళ్లు బ్యానర్లు కట్టి మమ్మల్ని ఇక్కడి నుంచి తరలించి ఇళ్లివ్వండని నిలదీశారు. గ్రెన్‌ఫెల్‌కు 47 ఏళ్ల ముందు అదే పేటలో లేచిన డిమాండ్ ఇది.

అలాంటి పాత ఇళ్లను పడగొట్టి కట్టిన లాంకాస్టర్ వెస్ట్ ఎస్టేట్‌లో 1974లో గ్రెన్‌ఫెల్ టవర్ లేచింది. 24 అంతస్తులు. అంటే ఆ టవరే ఒక పునరావాసం. పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇల్లే. 2017 నాటికి అందులో 129 ఫ్లాట్లు. మొరాకో, ఎరిట్రియా, ఇథియోపియా, సుడాన్, సిరియా, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్, కరీబియన్ మూలాలున్నవాళ్లు, ఐరిష్‌వాళ్లు, ఇంగ్లిష్ శ్రామికులు పక్కపక్క తలుపుల వెనక కాపురాలు చేశారు.

2. ఆ రాత్రి

2017 జూన్ 14. రంజాన్ నెల. అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావస్తుండగా నాలుగో అంతస్తులోని ఒక వంటగదిలో ఫ్రిజ్ దగ్గర మంట పుట్టింది. మామూలుగా ఆ గదితో ఆగిపోవాల్సిన మంట. కానీ ఏడాది క్రితమే ఆ టవర్‌కు మరమ్మతుల పేరుతో బయట గోడలకు పలకలు తొడిగారు. క్లాడింగ్ అంటారు. రెండు పలుచటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్, అంటే మంటకు పెట్రోలు వంటి ప్లాస్టిక్. ముందు అనుకున్న జింకు పలకల బదులు వీటిని ఎంచుకుంటే దాదాపు 3 లక్షల పౌండ్లు మిగులుతాయని లెక్క వేశారు. మంట కిటికీ దాటి ఆ పలకలకు అంటుకుని అరగంటలోపే కొసదాకా పాకింది.

ఫ్లాట్లలోనే ఉండండి, బయటికి రావద్దన్నది అలాంటి భవనాలకు అగ్నిమాపక శాఖ నియమం. దాన్ని వెనక్కి తీసుకునేసరికి దాదాపు రెండు గంటలు గడిచాయి. మాట విన్నవాళ్లలో ఎందరో బతకలేదు. మొత్తం 72 మంది చనిపోయారు. అందులో 18 మంది పిల్లలు.

ఇది అనుకోని ప్రమాదమేమీ కాదు. ప్రాణాలు పోయే ఘోరం జరిగితే తప్ప మా యాజమాన్యం నిర్లక్ష్యం బయటపడదని అక్కడి నివాసుల బృందం 2016 నవంబరులోనే రాసిపెట్టింది. ఎవరూ చెవిన పెట్టలేదు. పేదవాడు హెచ్చరిస్తే దాన్ని ఫిర్యాదు అంటారు. ఫిర్యాదులు ఎక్కువైతే పేదవాణ్నే తలనొప్పి అంటారు.

3. మూడు వారాల మాట

తెల్లారింది. ప్రాణాలతో బయటపడినవాళ్లు రాత్రి బట్టలతో, ఉత్తి కాళ్లతో రోడ్డు మీద. వాళ్లను ఆదుకోవాల్సింది బరో కౌన్సిల్. దాని దగ్గర అప్పటికి 27 కోట్ల 40 లక్షల పౌండ్ల నిల్వలున్నాయి. 2014లో డబ్బు మిగిలిందని పూర్తి పన్ను కట్టేవాళ్లకు తలా 100 పౌండ్లు తిరిగిచ్చిన కౌన్సిల్ అది. కానీ ఆ ఉదయం ఎవరు బతికారో, ఎవరు ఎక్కడున్నారో చెప్పే జాబితా కూడా దాని చేతిలో లేదు.

తలుపులు తెరిచింది చర్చిలు, మసీదులు, పేట క్లబ్బులు, ఇరుగుపొరుగు. అన్నం పెట్టిందీ, బట్టలిచ్చిందీ, పేర్లు రాసుకుని తప్పిపోయినవాళ్లను వెతికిందీ వాళ్లే. ఏడేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో వచ్చిన విచారణ తుది నివేదిక కూడా ఇదే చెప్పింది. కౌన్సిల్‌కు సిద్ధపాటు లేదని, బాధితుల పట్ల కనీస మర్యాద కూడా కొరవడిందని, రంజాన్ ఉపవాసాలున్న ముస్లిం కుటుంబాల అవసరాలు పట్టించుకోలేదని రాసింది.

ప్రధాని థెరిసా మే మర్నాడు వచ్చి అగ్నిమాపక సిబ్బందిని కలిసి, బాధితులను కలవకుండా వెళ్లిపోయింది. జనం కోపం కౌన్సిల్ భవనంలోకి దూసుకొచ్చాక ప్రకటనలు మొదలయ్యాయి. ఇల్లు కోల్పోయిన ప్రతి కుటుంబానికి కనీసం 5,500 పౌండ్లు. మూడు వారాల్లో, వీలైనంత దగ్గరలో ఇల్లు. నెలాఖరుకు కౌన్సిల్ నాయకుడు రాజీనామా చేశాడు.

మూడు వారాలు గడిచాయి. ప్రభుత్వం లెక్క చెప్పింది: 139 కుటుంబాలకు ఇళ్లు చూపించాం, 14 కుటుంబాలు ఒప్పుకున్నాయి.

ఆ లెక్కను మళ్లీ ఒకసారి చదవండి. మాట నిలబెట్టుకున్నామని ప్రభుత్వం అంది, ఎందుకంటే 'చూపించడం' జరిగింది. ఒప్పుకోకపోతే తప్పెవరిది? పత్రికల్లో కొందరు వెంటనే ఆ ప్రశ్న అడిగారు. ఇంత జరిగాక కూడా ఇల్లు వద్దంటారా అని. మా నాయనమ్మను అడిగిన గొంతు అదే.

4. వద్దన్నవాళ్లు ఏం అడిగారు?

వాళ్లు చెప్పిన కారణాలు వినండి. టవర్ మెట్ల మీద పొగలో పిల్లల్ని ఎత్తుకుని దిగివచ్చిన వాళ్లకు మళ్లీ ఎత్తయిన భవనంలో ఫ్లాట్ చూపించారు. చూపించిన వాటిలో చాలా ఇళ్లు తాత్కాలికం. ఇప్పుడు సామాన్లు సర్ది, మళ్లీ కొన్నాళ్లకు ఖాళీ చెయ్యాలి. కొన్ని కుటుంబానికి సరిపోనంత చిన్నవి. కొన్ని పిల్లల బడికి దూరం. పాత అద్దె, పాత హక్కులు కొత్త ఇంట్లోనూ ఉంటాయో లేదో కాగితం మీద స్పష్టంగా లేదు.

ఇక్కడ బ్రిటన్ చట్టంలో ఒక మాట గురించి తెలుసుకోవాలి. అక్కడ ఇల్లు లేనివారికి ఆశ్రయం చూపడం స్థానిక ప్రభుత్వం బాధ్యత అని 1977 నుంచి చట్టముంది. అందులోనే ఒక మెలిక: 'కావాలనే ఇల్లు లేకుండా చేసుకున్నవాళ్ల' పట్ల ఆ పూర్తి బాధ్యత ఉండదు. తగిన ఇల్లు చూపిస్తే వద్దన్నవాళ్ల విషయంలో కూడా కౌన్సిళ్లు బాధ్యత తీరిందని చేతులు దులుపుకోవచ్చు. గ్రెన్‌ఫెల్ కుటుంబాలు భయపడింది దానికే. వద్దంటే మమ్మల్ని ఆ జాబితాలోకి నెడతారా? 'వద్దందని రాసుకుంటా' అన్న మాటకు చట్టం భాషలో అదే రూపం.

బాధితులు ఒక్కొక్కరుగా అడగలేదు. కొద్ది రోజుల్లోనే గ్రెన్‌ఫెల్ యునైటెడ్ పేరుతో బతికినవాళ్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలు ఒక్కటయ్యారు. ప్రతి నెలా 14వ తేదీన వేలమంది నోరు మెదపకుండా వీధుల్లో నడిచారు. ఇష్టం లేని చోటికి ఎవరినీ బలవంతంగా పంపబోమని ప్రభుత్వంతో అనిపించుకున్నారు. శాశ్వత ఇళ్ల కోసం కౌన్సిల్ 300కి పైగా ఇళ్లు కొనాల్సి వచ్చింది.

అయినా పని నత్తనడకే. ఇల్లు పోగొట్టుకున్న 200 పైచిలుకు కుటుంబాల్లో సగానికి పైగా, ఏడాది గడిచినా శాశ్వత ఇంట్లో అడుగు పెట్టలేదు. హోటల్ గదుల్లో పుట్టినరోజులు, పరీక్షలు, చావు దినాలు గడిచాయి.

ఇంకో ముచ్చట. లండన్ నగర కార్పొరేషన్ కెన్సింగ్టన్‌లోని ఒక ఖరీదైన సముదాయంలో 68 ఫ్లాట్లు బాధితుల కోసం కొన్నది. అక్కడ ముందే కొనుక్కున్నవాళ్లలో కొందరు తమ ఆస్తి విలువ పడిపోతుందని పత్రికలతో వాపోయారు. లండన్ కొత్త భవనాల్లో తక్కువ అద్దె ఇళ్లవాళ్లకు వేరే ద్వారం పెట్టడం చాలాచోట్ల ఉంది. అక్కడి జనం దాన్ని 'పూర్ డోర్' అంటారు. హోటల్లో వేరే గ్లాసు చూసి పెరిగిన మనకు ఆ తలుపును ఎవరూ వివరించనక్కర్లేదు. బ్రిటన్‌లో ఉన్నది కులం అని నేను అనడం లేదు. జాతి, వర్గం అక్కడ వేరే చరిత్రతో పనిచేస్తాయి. 2020లో బాధితుల న్యాయవాది లెస్లీ థామస్ జాతి ప్రశ్నను పక్కన పెట్టి ఈ మంటను అర్థం చేసుకోలేరని విచారణ ముందే వాదించాడు. ఏ తలుపు ఎవరిదో ముందే నిర్ణయించే అలవాటు మాత్రం మనకు పరిచయమే.

5. జాబితాలో లేనివాళ్లు, వంటగది లేనివాళ్లు

ఏ పునరావాసమైనా జాబితాతో మొదలవుతుంది. జాబితాలో పేరు ఎక్కాలంటే కాగితం ఉండాలి. గ్రెన్‌ఫెల్‌లో కొందరు వేరేవాళ్ల పేరు మీదున్న ఫ్లాట్‌లో అద్దెకున్నారు. కొందరికి దేశంలో ఉండే అనుమతి పత్రాలు లేవు. సాయం అడిగితే దేశం నుంచి పంపేస్తారేమో, కేసు పెడతారేమో అని వాళ్లు నోరు విప్పలేదు. ఉద్యమం ఒత్తిడి పెట్టాక, దొంగచాటు అద్దెల మీద కేసులు పెట్టబోమని, పత్రాలు లేనివాళ్లకు ముందు 12 నెలలు ఉండే అనుమతి ఇస్తామని 2017 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. 12 నెలలు చాలవని పోరాడాక, శాశ్వతంగా ఉండే దారి కూడా తెరిచారు. పట్టా లేక జాబితాలో 'తర్వాత' అయిపోయిన మా పల్లెవాళ్లకు ఈ పాఠం ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో!

ఇక వంటగది. ప్రభుత్వాల లెక్కలో హోటల్ గది అంటే ఆశ్రయం దొరికినట్టే. మంచం ఉంది, స్నానాల గది ఉంది, కింద భోజనం ఉంది. కానీ తల్లులకు పొయ్యి లేదు. పిల్లలకు తమ ఇంటి వంట లేదు. దగ్గర్లోని అల్ మనార్ మసీదు కేంద్రంలో వంటగది ఉందని తెలిసి కొందరు ఆడవాళ్లు అక్కడ చేరి తమ కుటుంబాలకు వండుకోవడం మొదలుపెట్టారు. ఒకరి వంట ఇంకొకరు తిన్నారు. అది హబ్ కమ్యూనిటీ కిచెన్ అయింది. 2018లో వాళ్ల వంటల పుస్తకం కూడా వచ్చింది. పత్రికలు ఆ పుస్తకాన్ని మెచ్చుకున్నాయి. మనం మాత్రం దాని వెనకున్న ప్రశ్నను చూడాలి: నెలల తరబడి పొయ్యి లేని చోటును ఇల్లు అని ఏ కాగితం మీద ఎలా రాస్తారు?

6. కారంచేడు నుంచి చూస్తే

ఇక్కడ మన చరిత్రలోకి రండి. 1985 జులై 17న కారంచేడులో మాదిగపల్లె మీద కమ్మ భూస్వాముల మూక పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్లపై అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అదే శిబిరమైంది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి నాయకులతో దళిత మహాసభ పుట్టింది అక్కడి పోరాటం నుంచే.

వాళ్లది కాలిన ఇళ్ల కథ కాదు. కానీ అక్కడా ప్రశ్న అదే: నిర్వాసితులు ఎక్కడ ఉండాలో ఎవరు చెప్పాలి? వాళ్లు ఊరికి తిరిగిపోతే ప్రభుత్వానికి సులువు. గొడవ సద్దుమణిగినట్టు లెక్క. శిబిరం ఆ దారి పట్టలేదు. చంపినవాళ్ల పొలాల్లో మళ్లీ కూలికి పోము, చీరాలలోనే మాకు చోటివ్వండి అని నిలబడింది. ఆ పట్టుదల వల్లే చీరాలలో విజయనగర్ కాలనీ వచ్చింది.

గ్రెన్‌ఫెల్ బాధితులు అన్నది: మా పేట విడిచిపోము. కారంచేడు బాధితులు అన్నది: ఆ ఊరికి తిరిగిపోము. పైకి రెండూ ఎదురెదురు మాటలు. లోపల ఒకటే హక్కు. ఒకరికి ఇరుగుపొరుగే బలం, కాబట్టి అక్కడే ఉండాలి. ఇంకొకరికి ఊరే ముప్పు, కాబట్టి బయటికి రావాలి. ఏది క్షేమమో వాళ్లకే తెలుసు. అందుకే 'పునరావాసం అంటే పాత చోటే' అనే సూత్రమూ తప్పే, 'పునరావాసం అంటే కొత్త కాలనీయే' అనే సూత్రమూ తప్పే. నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు కొలత.

7. మనం పట్టుకోవాల్సింది

గ్రెన్‌ఫెల్ పోరాటం అన్నీ గెలవలేదు. 2024లో తుది నివేదిక వచ్చి, ఆ మరణాలన్నీ ఆపగలిగినవేనని చెప్పే నాటికి కూడా వాటికి బాధ్యులని ఒక్కరి మీదా కేసు నడవలేదు. బాధితులమని అబద్ధం చెప్పి సాయం తీసుకున్నవాళ్లకు మాత్రం ఆ లోపే శిక్షలు పడ్డాయి. చిన్న దొంగను పట్టడం ఏ రాజ్యానికైనా సులువు. అయితే బాధితులు పట్టువదలకపోవడం వల్లే 2023లో సామాజిక గృహాల నియంత్రణ చట్టం వచ్చింది. అద్దె ఇళ్లవాళ్ల ఫిర్యాదును వినక తప్పని పరిస్థితి కొంతైనా ఏర్పడింది.

విద్యార్థి మిత్రులారా, రేపు మీ ఊళ్లో పల్లె కాలినా, నగరంలో బస్తీ కాలినా మీరే ముందు చేరతారు. బియ్యం, దుప్పట్లతో పాటు ఒక నోటుపుస్తకం తీసుకుపోండి. పట్టా ఉందా లేదా అని చూడకుండా, ఆ రాత్రి ఆ కప్పు కింద పడుకున్న ప్రతి ఒక్కరి పేరు రాయండి. ప్రభుత్వ జాబితా కన్నా మన జాబితా ముందు తయారవ్వాలి. చూపించే చోటు తాత్కాలికమా, శాశ్వతమా, ఎన్నాళ్లు అని కాగితం మీద రాయించండి. నీళ్లు, బడి, కూలికి పోయే దారి, పొయ్యి అడగండి. పాత చోటు మీద హక్కు పోతుందా, ఉంటుందా అడగండి. తొందరపెట్టి వేలిముద్రలు వేయించుకోనివ్వకండి. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతామంటే అందరం కలిసే మాట్లాడతామని చెప్పండి.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె వెనక సంఘం లేదు. ఆ రోజు ఆమె పేరు పక్కన 'నిరాకరించింది' అని రాసుకుపోయారు. పాత చోటే మట్టిగోడలు మళ్లీ లేపి, తాటాకు కప్పుకుని, చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్లయినా ఆ కాగితం ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. అందులో రాసింది తప్పు. ఆమె నిరాకరించలేదు. నీళ్లెక్కడని అడిగింది, అంతే. ఆ ప్రశ్నకు జవాబు రాసే గడి వాళ్ల కాగితంలో లేదు.

జై భీమ్.